సంగీత్ రాత్రి నిప్పు విన్యాసాలు, సర్కస్ ప్రదర్శనలు: ఒప్పుకునే ముందు ఏమేమి అడగాలి?

సంగీత్_సన్నాహం:
అందరికీ నమస్కారం. మా చెల్లెలి పెళ్ళి వైశాఖంలో కుదిరింది. ముందు రోజు సాయంత్రం సంగీత్‌ను హైదరాబాదు శివార్లలో, మొయినాబాద్ వైపు ఉన్న ఒక తోటలో పెట్టుకున్నాము. ఈవెంట్ వాళ్ళు ఇచ్చిన ప్యాకేజీలో మండే గోళాలు తిప్పే ఇద్దరు, రెండు కొసలా నిప్పు ఉన్న కర్ర తిప్పే ఒకరు, నోటి నుంచి మంట ఊదే ఒకరు, కొయ్యకాళ్ళ మీద నడిచే ఇద్దరు, పైనుంచి వేలాడే గుడ్డ మీద విన్యాసాలు చేసే ఒక అమ్మాయి ఉన్నారు. వధూవరులు వేదిక ఎక్కేటప్పుడు ఇరువైపులా మంట ఊదిస్తామని కూడా అన్నారు. మా నాన్నగారికి ఇది బాగా నచ్చింది, మా అమ్మ మాత్రం భయపడుతోంది. అతిథులు 400 మంది దాకా వస్తారు, వారిలో పిల్లలు, వృద్ధులు ఎక్కువ. ఈ రంగంలో ఉన్నవారు ఇక్కడ ఉంటే, ఏది పెట్టుకోవచ్చో, ఏది వద్దనాలో, ఒప్పుకునే ముందు వాళ్ళను ఏమేమి అడగాలో దయచేసి వివరంగా చెప్పండి.

కెవ్లార్_వత్తి:
నేను ప్రైవేటు వేడుకలలో మండే గోళాలు, అంటే పోయ్, తిప్పుతాను. పోయ్ న్యూజిలాండ్ మావోరీల ఆట. వారి సంప్రదాయంలో నిప్పు లేదు, అది తరువాత వచ్చి చేరింది. నిప్పు కత్తుల నృత్యం సమోవా వారిది. వారి కత్తి నృత్యానికి నిప్పును జోడించినవాడు ఫ్రెడ్డీ లెటూలి, 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ విద్యలకు గురుపరంపర ఉంది, నేర్చుకునే క్రమం ఉంది. నెలల తరబడి నిప్పు లేకుండా సాధన చేసిన తరువాతే వత్తి వెలిగిస్తారు. మీ దగ్గరకు వచ్చేవారు అలా నేర్చుకున్నవారా, లేక సీజన్ కోసం కూర్చబడినవారా అన్నది మీరు తెలుసుకోవలసిన మొదటి సంగతి.

దానికి తేలికైన దారి ఒకటి ఉంది. "మీ తడిగుడ్డ మనిషి ఎవరు?" అని అడగండి. ప్రతి నిప్పు కళాకారుడికీ పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఫోటోలు తీయకూడదు, సంగీతం చూసుకోకూడదు. చేతిలో తడిపి పిండిన మందపాటి నూలు తువాలుతో, కళాకారుడి మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడాలి. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే బృందం పని తెలిసిన బృందం. "అక్కడ మీ వాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు కదా" అని అన్నారంటే వాళ్ళను పిలవకండి.

రెండవ ప్రశ్న ఇంధనం గురించి. మేము కిరోసిన్ గానీ, అంతకన్నా శుద్ధి చేసిన దీపాల పారఫిన్ గానీ వాడతాము. పెట్రోలు వాడేవారిని గేటు దగ్గరే ఆపేయండి. పెట్రోలు ఆవిరి సుమారు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకోగలదు, కిరోసిన్‌కు ఆ హద్దు 38 డిగ్రీలకు పైన ఉంటుంది. అయితే మీ పెళ్ళి వైశాఖంలో. ఎండలో నిలిపిన కారు డిక్కీలో పెట్టిన కిరోసిన్ డబ్బా ఆ హద్దును సులభంగా దాటుతుంది. కనుక వేసవిలో కిరోసిన్‌ను కూడా పెట్రోలుతో సమానంగా చూసుకోవలసిందే. కిరోసిన్ మసి పట్టుచీరల మీద నల్లని చుక్కలుగా పడుతుంది. మీ అమ్మగారికి ఈ మాట ముందే చెప్పండి.

వత్తి కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నారతో చేసినదై ఉండాలి. అది కరగదు, వందల డిగ్రీల వేడిని తట్టుకుంటుంది. గోళాన్ని ఇంధనంలో ముంచి తీశాక, మిగులును మూత ఉన్న ఇనుప డబ్బాలోనే విదిలించాలి. బొట్టు కారడం ఆగాకే వెలిగించాలి. ఒకసారి బాగా ముంచిన వత్తి మూడు నాలుగు నిమిషాలు మండుతుంది, ప్రదర్శన కూడా ఆ మేరకే ఉంటుంది. ముంచే చోటు వేదికకు దూరంగా, జనం తిరగని మూలన ఉండాలి. గొలుసు, దాని కొక్కెం, పిడి కలిసే చోటు ప్రతిసారీ గట్టిగా లాగి చూస్తాము, ఎందుకంటే తెగితే మండే గోళం సూటిగా జనంలోకి పోతుంది. అందుకే మా బృందం మొదటి వరుసను కనీసం 15 అడుగుల దూరంలో, గాలి వీచే వైపైతే ఇంకా వెనక్కు పెట్టిస్తుంది.

ఇక నోటితో మంట ఊదడం. అది నేను చేయను, మా బృందంలో ఎవరినీ చేయనివ్వను. కారణం డాక్టర్లు ఎవరైనా చెబితే బాగుంటుంది.

వేదిక_ఏర్పాట్లు:
నేను ఈవెంట్ సంస్థ నడుపుతున్నాను. పైన చెప్పినదంతా నిజమే. కానీ మా వైపు కష్టం కూడా ఒకసారి వినండి. పెళ్ళివారు ఫోనులో ఒక వీడియో చూపించి ఇదే కావాలంటారు, ఆ వీడియోలో ఉండేది మంట ఊదడమే. మేము కాదంటే పక్క సంస్థ సరేనంటుంది, ధర కూడా తగ్గిస్తుంది. తడిగుడ్డ మనిషికి కూడా కూలి ఇవ్వాలి కదా, దాన్ని బిల్లులో వేస్తే "ఊరికే నిలబడేవాడికి డబ్బు ఎందుకు" అని అడుగుతారు. పెళ్ళివారే ఆ మనిషి కావాలని అడిగితే మాకు ఎంత బలం వస్తుందో చెప్పలేను.

బర్న్స్_వార్డు:
నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి కాలిన గాయాల విభాగంలో వైద్యుడిని. మంట ఊదేవారికి వచ్చే జబ్బు వైద్యశాస్త్రంలో ప్రత్యేకంగా గుర్తించబడినదే. కిరోసిన్, పారఫిన్ వంటి పలుచని నూనెలు నోట్లో ఉన్నప్పుడు ఒక్క దగ్గు చాలు, చుక్క ఊపిరితిత్తులలోకి జారుతుంది. వీటికి చిక్కదనం తక్కువ కనుక లోపల చాలా వేగంగా పరచుకొని, వాయుకోశాల లోపలి పూతను పాడుచేస్తాయి. కొన్ని గంటలలోనో మరునాటికో దగ్గు, ఛాతీనొప్పి, జ్వరం, ఆయాసం వస్తాయి. ప్రదర్శన అయిపోయింది కదా అని ఆ కుర్రవాడు బస్సు ఎక్కి ఊరికి పోతాడు, రాత్రికి ఊపిరి అందదు. మింగినా పీల్చినా వాంతి చేయించకూడదు, ఎందుకంటే ఆ వాంతిలోనే నూనె మళ్ళీ ఊపిరితిత్తులలోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకొని రావాలి, ఏమి జరిగిందో దాచకుండా చెప్పాలి. ఇక గాలి ఎదురు తిరిగితే ముఖం, కనురెప్పలు, పెదవులు కాలతాయి.

అతిథులలో ఎవరికైనా నిప్పు తగిలితే కాలిన చోటును పారే నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, సిరా వద్దు, పసుపు కూడా వద్దు. గాజులు, ఉంగరాలు, వాచీ వెంటనే తీసేయండి, ఎందుకంటే వాపు వచ్చాక అవి రావు, కోయవలసి వస్తుంది. ఒంటికి అంటుకుపోయిన గుడ్డను లాగకండి. పాలియెస్టరు కలిసిన లెహంగాలు కరిగి చర్మానికి అంటుకుంటాయి. మా వార్డులో అలాంటి కేసులు చూసినవాడిగా చెబుతున్నాను, వధూవరులకు ఇరువైపులా మంట ఊదించే ఆలోచన పూర్తిగా మానుకోండి. వెడల్పు లెహంగా, పలుచని మేలిముసుగు, జుట్టుకు కొట్టిన స్ప్రే, ఇవన్నీ మంటకు పక్కనే ఉంటాయి.

విశ్రాంత_అగ్నిమాపక:
అగ్నిమాపక శాఖలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. నేను కళాకారుల గురించి మాట్లాడను, స్థలం గురించి మాట్లాడతాను, ఎందుకంటే నిప్పు అదుపు తప్పినప్పుడు ప్రాణాలు తీసేది చాలాసార్లు ఆ నిప్పు కాదు, చుట్టూ కట్టిన అలంకరణ, మూసిన గేటు.

1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక కల్యాణమండపంలో పాఠశాల వార్షికోత్సవం జరుగుతుండగా సింథటిక్ గుడ్డతో వేసిన పందిరి అంటుకుంది. 400 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలే. పందిరి కరిగి తలల మీద పడింది, బయటపడే దారి సరిపోలేదు. 2023 సెప్టెంబరు 26న ఇరాక్‌లోని కరాకోష్‌లో పెళ్ళి హాలులో నృత్యం సమయంలో వెలిగించిన బాణసంచా పైకప్పు అలంకరణకు అంటుకొని 100 మందికి పైగా బలయ్యారు. 1981 ఫిబ్రవరిలో బెంగళూరులో వీనస్ సర్కస్ డేరా తగలబడి 90 మందికి పైగా పోయారు, అక్కడా ఎక్కువమంది పిల్లలే. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1944 జూలై 6న కాలిన సర్కస్ డేరా గుడ్డకు, వాన తడవకుండా పారఫిన్ మైనాన్ని పెట్రోలులో కరిగించి పూశారు. ఈ నాలుగు చోట్లా మంట తలల మీద ఉన్న గుడ్డలో, పైకప్పులో పాకింది.

మీ తోటకు పగలు ఒకసారి వెళ్ళి నిలబడి చూడండి. కింద పరిచే ఆకుపచ్చ గడ్డి నిజమైన గడ్డేనా, ప్లాస్టిక్ చాపనా? అది ప్లాస్టిక్ అయితే కిరోసిన్ బొట్టుకు కరిగి మండుతుంది. వేదిక వెనుక థర్మోకోల్ శిల్పాలు, నెట్ గుడ్డ, కాగితపు పూలు ఉంటే వాటి ముందు నిప్పు వద్దు. నిప్పు ప్రదర్శన వేదిక మీద కాకుండా, పైన ఏమీ లేని ఖాళీ నేల మీద, మట్టి గానీ రాళ్ళు గానీ పరిచిన చోట జరగాలి. రెండు గేట్లూ తాళం లేకుండా తెరిచి ఉండాలి, వాటికి అడ్డంగా కార్లు పెట్టనివ్వకూడదు. కిరోసిన్ మంట మీద నీళ్ళు పోస్తే మండుతున్న నూనె చెదిరి పాకుతుంది, కనుక మంటలార్పే పొడి రకం లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు దగ్గర పెట్టండి, వాటిని వాడటం తెలిసిన మనిషిని కూడా పెట్టండి. పొడి రకం సిలిండరు మీద ముల్లు పచ్చ భాగంలో ఉందో లేదో మీరే వంగి చూడండి.

బెలూన్ల సంగతి విడిగా చెబుతాను. పైకి ఎగిరే బెలూన్లలో చౌక అని హైడ్రోజన్ నింపుతారు. గాలిలో అది 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. నిప్పు కార్యక్రమం ఉన్న ఆవరణలో ఆ బెలూన్లు ఒక్కటి కూడా ఉండకూడదు. హీలియం అంటుకోదు, కానీ ఖరీదు ఎక్కువ. కోల్డ్ పైరో అనే మెరుపుల పెట్టెను కూడా చల్లనిదని నమ్మి పిల్లలను దాని మీదికి వంగనివ్వకండి, రవ్వలు పుట్టే మూతి దగ్గర తీవ్రమైన వేడి ఉంటుంది.

చట్టం సంగతి కూడా ఒక మాట. భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ ప్రకారం నిప్పు విషయంలో ప్రాణాలకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి ఆరు నెలల దాకా జైలు, 2000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ప్రాణం పోతే 106వ సెక్షన్ వస్తుంది, అది ఐదేళ్ళ దాకా. తోట యజమాని, ఈవెంట్ సంస్థ, పెళ్ళివారు, ఎవరి పాత్ర ఎంత అని పోలీసులు అందరినీ అడుగుతారు. స్థానిక పోలీసు స్టేషనుకు, ఫైర్ స్టేషనుకు ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, వారు అడిగిన అనుమతులు తీసుకోండి.

సాముగరిడి_విజయనగరం:
మా ఉత్తరాంధ్రలో సాము గరిడీ పండుగలలో, ఊరేగింపులలో నేటికీ ఉంది. కర్రసాము, కత్తిసాము నేర్పిన తరువాతే గురువులు మాకు అగ్గి బరాటా, అంటే నిప్పు పెట్టి తిప్పే కర్ర, చేతికిచ్చేవారు. బరాటా తిప్పే రోజున వీధి పెద్దలే ముందు నడిచి జనాన్ని అరుగుల మీదికి ఎక్కించేవారు, తిప్పేవాడు నూలు పంచె బిగించి, తలకు తడి తుండు చుట్టుకునేవాడు. ఆ ఏర్పాటంతా విద్యలో భాగమే. ఇప్పుడు పెళ్ళిళ్ళలో మమ్మల్ని పిలిచి, మెరిసే నైలాన్ దుస్తులు ఇచ్చి ఇవే వేసుకోవాలంటున్నారు. నేను నూలు బట్టలలోనే తిప్పుతానని చెప్పి రెండు మూడు బేరాలు వదులుకున్నాను. పాతగుడ్డలు చుట్టిన బరాటా నుంచి నిప్పుపీలికలు రాలుతాయి కాబట్టి, మా కుర్రవాళ్ళకు ఇప్పుడు కెవ్లార్ వత్తి తెప్పించి ఇస్తున్నాను. సంప్రదాయం పేరుతో పాత ప్రమాదాన్ని మోయవలసిన పని లేదు.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు సొంత సర్కస్ కంపెనీ నడిపి, గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని దేశమంతా పేరు తెచ్చుకున్న ప్రాంతం మాది. మన దగ్గర ఈ విద్యలున్నప్పుడు, నిప్పే కావాలనుకునేవారు కర్రసాము, కత్తిసాము బృందాన్ని కూడా ఒకసారి ఆలోచించండి. నిప్పు లేకుండానే అరగంట సేపు జనాన్ని కదలనివ్వని విద్య అది.

తాడునడక:
మాది గడ ఎక్కే, తాడు మీద నడిచే కుటుంబం. మా కులం పేరును జనం తిట్టుగా వాడతారు కాబట్టి ఇక్కడ రాయను. మా తాతల కాలంలో ఊరి నడుమ గడ పాతి, డోలు కొట్టి ఆడేవారు, గింజలు పెట్టించుకునేవారు. ఇప్పుడు మా వాళ్ళను రిసార్టులలో పుట్టినరోజులకు పిలుస్తున్నారు. పిలవడం మంచిదే. కానీ కొన్ని సంగతులు పిలిచేవారికి తెలియాలి.

చాలామంది "మీ చిన్నపాపను తాడు మీద నడిపించండి, బాగుంటుంది" అని అడుగుతారు. 14 ఏళ్ళలోపు పిల్లలతో పని చేయించడం నేరం. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు బాల కళాకారులకు కొంత మినహాయింపు ఇచ్చారు గానీ, సర్కస్‌ను ఆ మినహాయింపు నుంచి పేరు పెట్టి మరీ తీసేశారు. సర్కస్‌లలో పిల్లలను పెట్టుకోకూడదని 2011 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మా అమ్మాయి బడికి పోతోంది, తాడు ఎక్కదు. కావాలంటే నేను ఎక్కుతాను.

రెండవ సంగతి, తాడుకు కట్టిన గుంజలను నేను పాతిన తరువాత ఎవరూ ముట్టుకోకూడదు. ఒక రిసార్టులో నేను అన్నం తింటుండగా, కారుకు అడ్డంగా ఉందని అక్కడివారు ఒక మేకు పీకి మళ్ళీ కొట్టారు. ఎక్కేముందు గుంజను భుజంతో తోసి చూడటం మా అలవాటు కాబట్టి కదలిక తెలిసింది. మూడవది, భోజనం. ఆట ముగిశాక వెనుక గేటు దగ్గర పొట్లాలు ఇచ్చి పంపేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆటకు రెండు గంటల ముందు తేలికగా తినాలి, తరువాత అందరితో పాటు పంక్తిలో కూర్చుని తినాలి. సగం డబ్బు అడ్వాన్సుగా, మిగతాది ఆటకు ముందే ఇస్తే, అర్ధరాత్రి మధ్యవర్తి వెంట తిరిగే బాధ తప్పుతుంది.

గాలిపట్టు:
వేలాడే గుడ్డ మీద విన్యాసాలు నేర్పిస్తాను. మీ ప్యాకేజీలో ఆ అమ్మాయిని దేనికి వేలాడదీస్తారో అడగండి. లైట్లు కట్టే లోహపు చట్రానికైతే, అంటే ట్రస్‌కైతే, నేరుగా వద్దనండి. ఆ అమ్మాయి బరువు 50 కిలోలే కావచ్చు, కానీ చుట్టుకున్న గుడ్డను వదిలి ఒక్కసారిగా జారి ఆగే క్షణంలో కొక్కెం మీద పడే భారం ఆ బరువుకు మూడు నాలుగు రెట్లు దాటడం మామూలే. లైట్ల ట్రస్ కదలని బరువు కోసం కట్టినది. మనిషి భారం కోసమే లెక్కగట్టిన విడి చట్రం, దాన్ని కట్టిన మనిషి పేరు, కొక్కేల మీద అచ్చువేసిన భారపు అంకె, కింద మందపాటి పరుపు, ఈ నాలుగూ ఉండాలి. నిప్పు ఉన్న ఆవరణలో గుడ్డ విన్యాసం ఒకే సమయంలో జరగకూడదు, ఆ గుడ్డ చాలావరకు నైలాన్‌ది.

ఎడిసన్_తెలుగు:
నేను న్యూజెర్సీలో ఉంటాను. మా అబ్బాయి పెళ్ళికి నిప్పు నృత్యం పెట్టుకుందామంటే హాలు యజమాని మొదట అడిగినది ఫైర్ మార్షల్ అనుమతి, కళాకారుడి బాధ్యతా బీమా పత్రం. ప్రేక్షకుల ముందు మంట వాడకానికి ఇక్కడ ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికాలోని అగ్నిప్రమాద నివారణ సంఘం) రాసిన ఎన్‌ఎఫ్‌పీఏ 160 అనే ప్రమాణం ఉంది. ఆ కాగితాల కోసం తిరగడం విసుగ్గా అనిపించిన మాట నిజమే, కానీ ఆ పనిలో భాగంగానే కళాకారుడు ముందుగా స్థలం చూడటానికి వచ్చి, మేము అనుకున్న చోటును కాదని వేరే చోటు చూపించాడు. మన దగ్గర చట్టం బలవంతం చేయకపోయినా పెళ్ళివారే అడగవచ్చు కదా.

సంగీత్_సన్నాహం:
ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. మంట ఊదడం పూర్తిగా తీసేయించాము. వధూవరుల ప్రవేశానికి సన్నాయి, డోలు చాలునని అమ్మ అంది. మండే గోళాలు, నిప్పు కర్ర ఉంచాము గానీ, వేదిక మీద కాదు, తోట వెనుక ఉన్న మట్టి నేల మీద, భోజనాలకు ముందు. ఈవెంట్ వాళ్ళను తడిగుడ్డ మనిషి గురించి అడిగితే మొదట అర్థం కాలేదు, ఆ బృందం నాయకుడిని ఫోనులోకి తీసుకున్నాక ఆయన వెంటనే ఇద్దరి పేర్లు చెప్పారు. ఆ ఇద్దరి కూలి బిల్లులో విడిగా రాయమన్నాము. గుడ్డ విన్యాసానికి విడి చట్రం కుదరదన్నారు కాబట్టి దాన్ని మానేశాము, ఆ డబ్బుతో కర్రసాము బృందాన్ని అడుగుతున్నాము. ఇంకొక్క సందేహం: వైశాఖంలో సాయంత్రం ఈదురుగాలి వస్తే ఏమి చేయాలి? అతిథులు ఎదురు చూస్తుండగా ఆపడం ఎవరి నిర్ణయం?

కెవ్లార్_వత్తి:
కళాకారుడి నిర్ణయం, లేదా తడిగుడ్డ మనిషి నిర్ణయం. ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా ఆగిపోవాలి. మీ నాన్నగారు గానీ, ఈవెంట్ వాళ్ళు గానీ "కాసేపు చేసేయండి" అని అనకూడదు. ఈ మాటను ఒప్పందంలోనే రాసుకోండి: గాలి, వాన, నేల, జనం, ఏ కారణంతోనైనా కళాకారుడు నిప్పు వెలిగించనని అంటే డబ్బు కోత ఉండదని. డబ్బు పోతుందన్న భయమే మా వాళ్ళను గాలిలో కూడా వెలిగింపజేస్తుంది. అలాంటి వేళ కోసం మేము లోపల లైట్లు ఉన్న గోళాలను వెంట తెచ్చుకుంటాము, అవే విన్యాసాలు వాటితో చేస్తాము. మీ బృందాన్ని కూడా తెమ్మనండి. మద్యం తాగిన అతిథులు "ఒకసారి నాకివ్వు" అని వస్తారు, వారిని ఆపడానికి మీ ఇంటివారిలో మాట చెల్లే ఒక పెద్దమనిషిని ముందే పెట్టండి.

వేదిక_ఏర్పాట్లు:
ఆ ఒప్పందపు వాక్యాన్ని మా కాగితాలలో కూడా చేరుస్తున్నాను. కళాకారులు బయటి ఊళ్ళ నుంచి వస్తుంటే ఇంధనాన్ని ఎలా తెప్పించాలో ఒక మాట చెప్పండి.

విశ్రాంత_అగ్నిమాపక:
రైలులో తేనివ్వకండి. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం ప్రమాదకర వస్తువులను రైలులో తీసుకుపోతే మూడేళ్ళ దాకా జైలు, 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బస్సులో కూడా వద్దు, విమానం సంగతి చెప్పనక్కరలేదు. ఇంధనాన్ని ఇక్కడే బిల్లుతో కొని, ఆ రోజుకు కావలసినంతే ఇనుప డబ్బాలో పోసి, నీడలో, జనరేటరుకూ వంటశాలకూ దూరంగా ఉంచండి. రేషను నీలి కిరోసిన్‌ను ఈ పనికి వాడకూడదు. ప్రదర్శన ముగిశాక మిగిలిన ఇంధనాన్ని, వాడిన వత్తులను మూత గట్టిగా ఉన్న డబ్బాలలో పెట్టించండి, వంటవాళ్ళ పొయ్యిల దగ్గరకు గానీ చెత్తకుప్పలోకి గానీ పోనివ్వకండి. అతిథులు వెళ్ళిపోయాక ఆ మట్టి నేల చుట్టూ ఒకసారి లైటు వేసి చూసి, ఆ తరువాతే మీ సిలిండర్లను వెనక్కు పంపండి.